నవ్వు ఎవరి మీద పడింది?



“టీవీ హాస్యానికి పురస్కారాలేమిటి, దానిమీద విమర్శేమిటి?” అని ఈసడించారు నా పాత సహాధ్యాపకులొకరు. “నాలుగుసార్లు ఎమ్మీ వచ్చింది మామయ్యగారూ, ఇంకా చర్చ దేనికి?” అన్నాడు మా అల్లుడు. ఒకరిది తృణీకారం, మరొకరిది శరణాగతి. ఇద్దరితోనూ నాకు పేచీయే.

వివాదానికి కారణం, న్యూజెర్సీలో మా అమ్మాయి యింట నేను చూసిన ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’. 1971 జనవరిలో సీబీఎస్‌లో మొదలై 1979 దాకా నడిచిన ధారావాహిక అది. ‘టిల్ డెత్ అస్ డూ పార్ట్’ అనే బ్రిటిష్ ధారావాహిక ఆధారంగా నార్మన్ లియర్ రూపొందించాడు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక చిన్న యిల్లు. యజమాని ఆర్చీ బంకర్‌కు నల్లవారన్నా, యూదులన్నా, వలస వచ్చినవారన్నా గిట్టదు. అతని భార్య ఈడిత్ ఉత్త అమాయకురాలు. కూతురు గ్లోరియా, యిల్లరికపుటల్లుడు మైక్. మామా అల్లుళ్ల వాగ్వాదమే కథకు ప్రాణం. నా అల్లుడి పక్కన కూర్చొని చూడడంలోని చమత్కారం వేరే చెప్పనక్కర లేదు.

గౌరవాలకు కొదువ లేదు. 1971, 72, 73, 78లలో ఉత్తమ హాస్య ధారావాహికగా ఎమ్మీ అందుకొన్నది. కారల్ ఓకానర్, జీన్ స్టేపుల్టన్, రాబ్ రైనర్, శాలీ స్ట్రదర్స్ — ప్రధాన పాత్రధారులు నలుగురికీ ఎమ్మీలు దక్కాయి. వరుసగా ఐదు సీజన్లు ప్రేక్షకాదరణలో అగ్రస్థానం. ఆర్చీ, ఈడిత్ కూర్చొన్న కుర్చీలు 1978లో స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరాయి. మనవాళ్లు కవుల కళ్లజోళ్లు దాస్తారు, వాళ్లు ఒక మూర్ఖుడి కుర్చీని దాచారు!

ఆ గౌరవం అర్హమైనదే. 1972లో ప్రసారమైన సామీ డేవిస్ భాగమే చూడండి. ఆ నల్లజాతి గాయకుడు ఆర్చీ ఇంటికి వస్తాడు. ఫొటో తీసే క్షణాన ఆర్చీ బుగ్గమీద ముద్దు పెడతాడు. ఆర్చీ ముఖం కొయ్యబారిపోతుంది. ఉపన్యాసం లేదు, నీతిపద్యం లేదు. నవ్వు పడవలసినవాడి మీదనే పడింది. ఆ భాగానికి దర్శకుడు జాన్ రిచ్‌కు ఎమ్మీ వచ్చింది. హాస్యాన్ని ఆరు విధాలుగా విభజించి, ఏ నవ్వు ఏ ప్రకృతివారిదో నిర్ణయించిన భరతుడి వారసులం మనం. ఇటువంటి హాస్యాన్ని ‘టీవీ చెత్త’ అని తోసిపుచ్చడం పాండిత్యం కాదు, సోమరితనం.

ఇక అల్లుడి వాదం. 1971లోనే లారా హాబ్సన్ అనే రచయిత్రి న్యూయార్క్ టైమ్స్‌లో ఆక్షేపించింది: జాతిద్వేషిని ముద్దొచ్చేలా చూపడం తప్పు అని. లియర్ అదే పత్రికలో సమాధానమిచ్చాడు. 1974లో విడ్మార్, రోకీచ్ అనే పరిశోధకులు ప్రేక్షకులనే అడిగి చూశారు. ద్వేషభావం హెచ్చుగా ఉన్నవారికి ఆర్చీ మాటే సబబుగా తోచిందట, చివరికి అతడే గెలుస్తున్నట్టు కనిపించిందట! ఒకే సన్నివేశం, ఒకే నవ్వు, రెండు అర్థాలు. బహుమతుల సంఘం ఏ నవ్వుకు ఓటు వేసినట్టు?

మనకూ ఇది కొత్త కాదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం మాటలకు మురిసిపోతూ, అతడు మోసగించబోయిన బాలవితంతువు బుచ్చమ్మను ఎందరం మరచిపోలేదు?

నాకూ ఒక పురస్కారం వచ్చింది. ఉద్యోగంలో ఉండగా ఉత్తమోపాధ్యాయుడినని శాలువ కప్పారు. ‘పంతులుగారి తరగతిలో నవ్వులే నవ్వులు’ అని సన్మానపత్రంలో వ్రాశారు. ఆ నవ్వులలో కొన్ని ఎక్కడివో నాకు తెలుసు. వెనుక బల్లమీద కూర్చొనే ఒక కుర్రవాడికి ‘ళ’ పలికేది కాదు. వాడిచేత కావాలనే పద్యం చదివించి తరగతిని నవ్వించేవాణ్ణి. మొదట వాడూ నవ్వేవాడు. దసరా సెలవుల తరువాత ఒకనాడు లేచి నిలబడి నోరు విప్పలేదు. సంవత్సరాంతం దాకా నా తరగతిలో ఒక్క పద్యమూ చదవలేదు. పత్రం వ్రాసినవారు అబద్ధమాడలేదు. నవ్వులను లెక్కపెట్టారు, అంతే. అవి ఎవరిమీద పడ్డాయో చూడలేదు. చూడవలసినవాణ్ణి నేను.

అందుకే అంటున్నాను: పురస్కారం వచ్చిన తరువాతనే విమర్శకుడికి అసలు పని. 2001లో జెమినిలో మొదలైన ‘అమృతం’ చూసి మా యింటిల్లిపాదీ నవ్వుకొన్నాం. ఏ సన్నివేశంలో ఎవరిని చూసి నవ్వామో తూకం వేసిన వ్యాసం మాత్రం ఇంతవరకూ నా కంట పడలేదు. మీలో ఎవరైనా వ్రాసి ఉంటే తెలుపగలరు. లేకుంటే ఎవరైనా పూనుకోండి. నాతో విభేదించినా సరే, చదివి సంతోషిస్తాను.