తల ఎత్తి చూడుడి



మన దేశములో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగినది. నేడు పాలమూరు, నల్గొండ పల్లెలలో సెల్లు లేని ఇల్లు అరుదు. బొంబాయి, పూణేలకు వలసపోయిన బిడ్డల గొంతు వినిపించునది అదే. 2020లో లాక్‌డౌన్ వలన మందిరముల తలుపులు మూతపడినప్పుడు అనేకుల ఇండ్లకు వాక్యమును చేర్చినదియు అదే. ఇందుకై దేవునికి స్తోత్రము.

అయితే గృహ దర్శనములలో మేము తరచుగా చూచునది ఒకటున్నది. బోర్లు ఎండి అప్పుల పాలైన తండ్రి ఫోనులో "మంచిగనే ఉన్నం బిడ్డా" అనును. దూరముననున్న కొడుకును బాధపెట్టుట ఎందుకని అతని తలంపు. గొంతు దాచగలదు, ముఖము దాచలేదు. ఆ కొడుకు క్రిస్మసుకు ఇంటికి వచ్చి, తండ్రి ప్రక్కనే మంచము మీద కూర్చుండును. తండ్రి నోరు తెరచునంతలో కొడుకు చూపు సెల్లులోనికి పోవును. "ఆఁ, చెప్పు నాయినా" అనునే గాని తల ఎత్తడు. "ఏం లేదు తీ" అని తండ్రి ఊరకుండును. మూడు దినములకు కొడుకు బస్సెక్కును. తండ్రి మాట తండ్రిలోనే మిగిలిపోవును. అప్పుల భారముతో ప్రాణములు తీసికొనిన రైతుల ఇండ్లు మన జిల్లాలలో ఉన్నవి గనుక ఇది చిన్న సంగతి కాదు.

పెద్దయైన యోహాను తన రెండవ, మూడవ పత్రికల చివర, వ్రాయవలసినవి ఇంకను ఎన్నో ఉన్నను, వాటిని ఉత్తరముతో సరిపెట్టక స్వయముగా వచ్చి చెప్పుటకే ఇష్టపడెను. ఉత్తరము ఆ కాలపు ఫోను. అది అవసరమే గాని ఎదుట కూర్చుండుటకు బదులు కానేరదు. జక్కయ్య చెట్టు మీద నుండగా ప్రభువు అంత జనసమూహములోను ఆగి, పైకి చూచి, అతనిని పేరు పెట్టి పిలిచెను (లూకా 19:5). ఆ యింటికి రక్షణ వచ్చుటకు ముందు ఆ చూపు వచ్చెను.

ప్రియులారా, రాత్రి భోజనమునకు, కుటుంబ ప్రార్థనకు కూర్చుండునప్పుడు ఫోన్లన్నియు గూట్లో పెట్టుడి. తలిదండ్రులు మొదట పెట్టవలెను. పిల్లలు విన్నదానికంటె చూచినదానినే నేర్చుకొందురు. పండుగకు ఇల్లు చేరిన కుమారులారా, కుమార్తెలారా, "ఏం లేదు" అను మాటతో లేచిపోకుడి. తల ఎత్తి ముఖము చూచి, మరియొకసారి అడుగుడి.

మన మొర ఆలకించు దేవుడు, మన ఇంటివారి మాట ఆలకించు మనస్సు మనకు దయచేయును గాక. ఆమేన్.