కంచము నిండిన చాలునా?

ఆకలి రెండు విధములు. కడుపు కాల్చు ఆకలి కంటికి కనబడును. కంచము నిండ అన్నము తిని లేచిన పిదపను దేహమున మిగిలియుండు ఆకలి వేరొకటి. అది కొలిచినగాని కనబడదు.

ఇందుకు మన తెలుగుసీమయే సాక్షి. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి పాతుకొనియుండెను. మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యము తినువారి కాళ్లు తిమ్మిరెక్కి, గుండె బలహీనపడుచుండెను. తిండి కరవై కాదు; తవుడుతోపాటు బి-1 విటమిను పోవుటచేత. ఉప్పుడు బియ్యము తినుచోట్ల ఈ పీడ అంతగా లేదు. 1918లో కూనూరులో మెక్కారిసన్ బెరిబెరి విచారణకై ప్రారంభించిన కృషియే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది.

1972లో ఆ సంస్థ యాజమాన్యమున నెలకొనిన జాతీయ పోషణ పర్యవేక్షణ విభాగము ఇంటింటికి బోయి, వంట దినుసులను తూచి, ఎవరెవరు ఎంత తినిరో అడిగి వ్రాసికొనుచుండెను. 2015లో దానిని మూసివేసిరి. తరువాత అప్పుడప్పుడు పరిశీలనలు జరిగినను, ఎడతెగని కొలతకు అవి సాటిరావు.

లెక్కలు బొత్తిగా లేవని మేమనము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 59 మంది, తెలంగాణమున 58 మంది. లోపమున్నదని ఆ సర్వే చాటినది. ఆమె కంచమున పప్పు ఎంత పడినది, ఆకుకూర ఎంత పడినది అను తూకము మాత్రము అందులో లేదు. ఇంటికి కొన్న సరకునుబట్టి కోడలి భోజనము నెట్లు తెలిసికొందుము? ఇంటిల్లిపాది తినిన పిదప అడుగున మిగిలినది ఆమె వంతగుట మనమెరుగని విషయమా?

వ్యయము అధికమని కొందరందురు. బియ్యము పంచుటకు కోట్లకొలది రూపాయలు వెచ్చించు ప్రభుత్వములకు, ఆ బియ్యముతో ఏమి కలిసి కడుపులో పడుచున్నదో తెలిసికొనుట భారమా? తొలి అడుగునకు సులభమార్గము కూడ కలదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2016లో ప్రకటించిన పద్ధతిలో ఆహారమును పది వర్గములుగా విభజించిరి. గడచిన పగలు రేయి అందులో ఐదు వర్గములైనను తినిన స్త్రీలెందరని లెక్కింతురు. అన్నము, బంగాళాదుంప రెండును ఒకే వర్గము. పప్పు, పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు వేర్వేరు వర్గములు. ఇది ఒక వ్యక్తి రోగమును నిర్ణయించుటకు గాదు. ఊరి స్థితిని ఎరుగుటకు.

కావున ప్రతి జిల్లాలోను నియతకాలమున ఆహార పరీక్ష జరుపవలయును. దాని ఫలితములను తెలుగున ముద్రించి పంచాయతీలలోను, గ్రంథాలయములలోను ఉంచవలయును. చౌకదుకాణమున బియ్యముతోపాటు పప్పు, చిరుధాన్యములు ఎంత ఈయవలయునో ఆ లెక్కనుబట్టి నిర్ణయింపవలయును. శాసనసభ్యులు ఓట్లకు వచ్చినపుడు రోడ్డును గూర్చి, నీటిని గూర్చి అడుగు పౌరులు ఈ లెక్కను గూర్చియు అడుగుదురుగాక.