గర్భసంచి ఆపరేషన్ అయింది.. తర్వాతి మాట చెప్పేదెవరు?

దబీర్‌పురా దర్వాజా దగ్గర ఆటో ఎక్కితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి మరీ దూరమేం కాదు. 1955 నుంచి పేదలకు దిక్కుగా ఉన్న సర్కారీ దవాఖానా అది. పైగా 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అందుకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అనగానే ఆపరేషన్ ఖర్చు ఎలా అన్న భయం చాలా ఇళ్లల్లో కొంత తగ్గింది. అసలు కష్టం ఇంటికొచ్చాకే మొదలవుతోంది.

డిస్చార్జ్ కాగితం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. డాక్టర్ చెప్పేది తరచుగా భర్తో, కొడుకో వింటారు. మూత్రం కారుతోందని, భర్త దగ్గరకు వెళ్లాలంటే భయమేస్తోందని కొడుకు ముందు ఏ అమ్మీ అడగగలదు?

క్యాన్సర్ కోసం చేసే పెద్ద ఆపరేషన్‌లో మూత్రాశయానికి వెళ్లే నరాలు దెబ్బతినొచ్చు. కొన్ని వారాలు, నెలలు మూత్రం ఆగిపోవడం లేదా కారడం అందుకే. లింఫ్ గ్రంథులు తీస్తే కాలు వాపు వెంటనే రాకపోవచ్చు, నెలల తర్వాత బరువుగా మొదలవుతుంది. అప్పుడే చూపిస్తే బిగుతు మేజోళ్లు, వ్యాయామంతో అదుపులో పెట్టొచ్చు. 'వయసు మీద పడింది' అని వదిలేస్తే ముదిరిపోతుంది. అండాశయాలు కూడా తీసేస్తే నలభై ఏళ్లు నిండని మనిషికీ ఒక్కసారిగా మెనోపాజ్ వస్తుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకల బలహీనత దాని వల్లే. కోడలు మొండిదైపోయిందని అనుకునే ఇళ్లూ ఉంటాయి మరి!

మూత్రం కారుతోంది కాబట్టి నాపాక్ అయ్యానని నమాజ్ మానేసే ఆడవాళ్ల సంగతి ఇంకా బాధాకరం. ఆగకుండా కారే స్థితిలో ఉన్నవారిని ఫిఖ్‌లో 'మాజూర్' అంటారు. హనఫీ మసలా ప్రకారం వారు ప్రతి నమాజ్ వేళకు తాజాగా వుజూ చేసుకుంటే చాలు. సజ్దాకు వంగలేకపోతే కూర్చుని సైగతో చదవొచ్చు. ఈ మాట ఆలిమాలు మొహల్లా ఇజ్తెమాల్లో చెబితే ఎంతోమందికి ఊరట.

2018 నుంచి బస్తీ దవాఖానాలు ఉన్నాయి, ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఆపరేషన్ అయిన మనిషిని ఇంట్లో విడిగా కూర్చోబెట్టి ఉర్దూలోనో, తెలుగులోనో పది నిమిషాలు అడిగే పని వారికి అప్పగిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. అప్పటిదాకా చెకప్‌కు వెళ్లేటప్పుడు తోడుగా కూతురినో, చెల్లెలినో తీసుకెళ్లడం మేలు. జ్వరం, మళ్లీ రక్తస్రావం, ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పుట్టడం, వీటిలో ఏది కనిపించినా చెకప్ తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.