గడువు దాటిన కాండ

రామాయణం చేతికి తీసుకున్నవాళ్లు అరణ్యకాండలో సీత దూరమవగానే, ఆమెను మళ్లీ ఎప్పుడు చూస్తామా అని సుందరకాండ వైపు తొందరపడతారు. నడుమ ఉన్న కిష్కింధకాండ దాటిపోవాల్సిన దారిలాగే మిగిలిపోతోంది. వాల్మీకంలో సుందరకాండ 68 సర్గలైతే ఇది 67. పొడవులో ఇంచుమించు సమానమే, పారాయణలో మాత్రం ఆ పీట దీనికి దక్కలేదు. ఏడు కాండల్లో సరిగ్గా నాలుగోది. వాలివధ అయిపోయాక కథ నడక నెమ్మదించేదీ ఇక్కడే.

ఆ కాండనే తీరిగ్గా మళ్లీ చదవమని మా పాలమూరు పాఠకులను అడుగుతున్నాం. తెలుగు ద్విపద రామాయణం ఈ గడ్డ మీదిదే. 13వ శతాబ్దంలో వర్ధమానపురం, అంటే నేటి నాగర్‌కర్నూల్ జిల్లా నంది వడ్డెమాన్, కేంద్రంగా ఏలిన గోన వంశంలోని బుద్ధారెడ్డి పేరు మీద రంగనాథ రామాయణం నిలిచింది. 17 వేలకు పైగా ద్విపదలు. ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచవిభుడు, విఠలుడు చెప్పారు. పాడుకోవడానికి వీలైన ఛందస్సు కాబట్టి తోలుబొమ్మలాటవాళ్ల నోట ఊరూరూ తిరిగింది. వనపర్తి జిల్లా పెద్దమందడివాళ్లకు వడ్డెమాన్ దూరాభారమేమీ కాదు.

కిష్కింధలో వాన రాముణ్ని నాలుగు నెలలు కొండ మీద ఆపేస్తుంది. ఆయనకు ప్రతి మబ్బూ ఆలస్యమే. మొగులుకేసి చూసి విత్తనం వేసే మెట్టసేద్యపు మనిషికి ఆ మబ్బే ఊపిరి. ఒకే వానను రెండు కళ్లతో చూడగలిగే భాగ్యం ఇక్కడి పాఠకుడిది.

అసలు బరువు, వాన వెలిశాక సీతను వెతుకుతూ దక్షిణానికి వెళ్లిన వానర దండులో ఉంది. సుగ్రీవుడు పెట్టిన గడువు నెల. స్వయంప్రభ బిలంలో ఆ నెల కాస్తా గడిచిపోయింది. మిగతా మూడు దిక్కులకు వెళ్లినవాళ్లు సీత కనబడలేదని చెప్పడానికైనా వేళకు తిరిగొచ్చారు. దక్షిణ దండును నడిపిన అంగదుడికి ఆ దారీ మూసుకుపోయింది. ఉత్తచేతులతో, అదీ గడువు దాటాక, వెళ్లి ఏ ముఖం చూపించాలి? అందరూ సముద్రపు ఒడ్డున చావుకు సిద్ధపడి కూర్చుంటారు.

పాలమూరులో ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. గుంపు మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని, ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోయడానికి వెళ్లిన తరాలు ఇక్కడివి. బాకీ తీరక, చేతిలో ఏమీ మిగలక, ఊరి బస్సు ఎక్కడానికి వెనకాడిన మనిషి అంగదుణ్ని ఇట్టే గుర్తుపడతాడు.

ఆ నిస్పృహలోంచే కథ కదులుతుంది. రెక్కలు కాలిపోయిన ముసలి సంపాతి వీళ్లను తిండి అనుకుని దగ్గరికొస్తాడు. వాళ్ల మాటల్లో తమ్ముడు జటాయువు చావు గురించి విని కుప్పకూలి, ఆ దుఃఖంలోనే సీత జాడ చెబుతాడు. ఆ తర్వాతే జాంబవంతుడు హనుమంతుడికి అతని బలాన్ని గుర్తుచేస్తాడు. ఒడ్డున కూర్చున్న ఆ కొన్ని ఘడియలను వదిలేసి చదివితే సుందరకాండలోని లంఘనం వట్టి బలప్రదర్శనగా కనబడుతుంది.

సుందరకాండ విడి పుస్తకంగా ఎక్కడైనా దొరుకుతుంది. గోన బుద్ధారెడ్డి కిష్కింధకాండను కూడా పెద్ద అక్షరాలతో, కఠినపదాలకు అర్థాలతో విడిగా అచ్చువేసి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రతి గ్రంథాలయానికీ చేర్చాలని ప్రచురణ సంస్థలనూ, సాహిత్య అకాడమీనీ కోరుతున్నాం. పెద్దమందడి వంటి మండలాల బడుల్లో పిల్లలు దాన్ని గొంతెత్తి పాడాలి.