కాళ్ళ కింద చిరివేరు

భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం వెళ్తాం. నరసింహస్వామి కల్యాణం చూస్తాం, సాగర సంగమంలో మునుగుతాం. వచ్చేటప్పుడు జీళ్ళూ ఖర్జూరమూ కొనుక్కుంటాం. కానీ ఆ ఇసుకలో మన కాళ్ళ కింద ఏముందో ఎప్పుడైనా చూశామా? చూస్తే గవ్వల కోసమే!

ఈసారి సముద్రపు ఒడ్డు నుంచి కాస్త లోపలికి, గడ్డి మొలిచిన ఇసుక నేల వైపు నడవండి. జానెడు ఎత్తు మొక్క, సన్నటి ఆకులు, కొమ్మల చివర గుత్తులుగా నాలుగు రేకుల చిన్న చిన్న తెల్లపూలు కనిపిస్తే ఆగండి. అది చిరివేరు కావచ్చు.

పువ్వును చూస్తే ఏమంత గొప్పగా ఉండదు. గొప్పంతా నేల కిందే! దాని వేరులోని రంగు పటిక పట్టించిన నూలుగుడ్డకు అంటుకుంటే, ఉతికినా పోని ఎరుపు వస్తుంది. ఒకప్పుడు మచిలీపట్నం కలంకారీకి ఆ ఎరుపు ఇచ్చింది ఈ వేరే. మన తీరం గుడ్డకు ఎంత పేరంటే, నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరునే ఇంగ్లీషువాళ్ళు 'మడపోలం' అని ఒక రకం నూలుగుడ్డకు పెట్టుకున్నారు.

ఈ మొక్కను శ్రద్ధగా చూసి రాసినవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఈ డాక్టరు 1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో ఉన్నాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1795లో మొదలైన ఆయన 'కోరమాండల్ తీరపు మొక్కలు' పుస్తకం మొదటి సంపుటంలోనే చిరివేరు బొమ్మ ఉంది. సాగుచేసిన వేరుకన్నా ఇసుకలో దానంతటది మొలిచిన వేరుకే రంగు ఎక్కువని కూడా రాశాడు.

తర్వాత ఏమైంది? 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎర్ర రంగును తారు సరుకు నుంచి తయారుచేశారు. ఆ చవక రంగు ముందు వేరు నిలవలేదు. తవ్వేవాళ్ళు మానేశారు. మొక్క బతికిపోయింది అనుకున్నారా? అక్కడే వచ్చింది చిక్కు. వేరుతో పని లేకపోయేసరికి అది మొలిచే నేల కూడా మనకు 'పనికిరాని పోరంబోకు' అయిపోయింది. ఒకచోట రొయ్యల చెరువు, ఒకచోట చదును చేసిన స్థలం, ఒకచోట సరుగుడు తోట. సరుగుడు తుపాను గాలిని ఆపుతుంది, కాదనలేం. కానీ దట్టంగా పెంచితే ఆ నీడలో, రాలిన ఆకు కింద ఎండ కావలసిన చిన్న మొక్క నిలవదు. తోట మధ్యలో అక్కడక్కడా గడ్డి నేలను అలాగే వదిలేస్తే రెండూ బతుకుతాయి.

ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డున పెట్టే గుడ్లకు కాపలా ఉంది. ఆ పక్క ఇసుకలోని పువ్వుకు ఎవరున్నారు? చట్టం ఉంది. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఇసుక దిబ్బలను గట్టి రక్షణ ఉన్న తరగతిలో చేర్చాయి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ఊరి మొక్కలూ జీవులూ రాసే ఒక రిజిస్టరు ఉండాలి. వాటిని 2020 జనవరి నెలాఖరుకల్లా పూర్తిచేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు కూడా పెట్టింది. అయితే రిజిస్టరు ఉన్నంత మాత్రాన అందులో ఈ పువ్వు ఉన్నట్టు కాదు. ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా!

ఆ పని మన పిల్లలూ చేయగలరు. వానలు వెనకబట్టాక నాలుగు పుల్లలు పాతి, తాడుతో మీటరు చదరం గడి కట్టండి. లోపల ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెట్టి, తేదీ, చోటు రాయండి. పది అడుగులు వేసి మళ్ళీ కట్టండి. ఒక్కటీ లేకపోతే సున్నా అని రాయండి. ఆ సున్నా కూడా లెక్కే! మరుసటేడు అదే చోటికి వెళ్తే పెరిగాయో తగ్గాయో తెలుస్తుంది. చిరివేరును పోలిన చుట్టాలు చాలా ఉన్నాయి. అందుకని ఫొటో తీసి దగ్గర్లోని కాలేజీ వృక్షశాస్త్రం మాస్టారికి చూపించండి. తర్వాత ఆ కాగితం పంచాయతీలో ఇచ్చి, రిజిస్టరులో చేర్చమని అడగండి.

ఒక్క మాట మాత్రం మరవకండి. వేరు రంగు చూద్దామని పీకారో, లెక్కలో ఒకటి తగ్గినట్టే. చూడండి, రాయండి, వదిలేయండి. సామర్లకోటలో కూర్చుని ఒక పరాయి దేశస్థుడు మన మొక్క పేరు మనల్నే అడిగి రాసుకున్నాడు. ఈసారి ఆ పేరు మన చేత్తో, మన ఊరి పుస్తకంలో రాసుకుందాం.