ఖైరాత్ కాదు, మన తన్ఖాలో కట్ అయిన పైసలే

నౌకరీ పోయిందని చెప్పుకోవడానికే మన ఇళ్లలో షరమ్. ఇక "సర్కారు నిరుద్యోగ భృతి ఇస్తుందట, దరఖాస్తు పెట్టుకో" అంటే పెద్దలకు ఎక్కడలేని కోపం వస్తుంది. "మనమేమన్నా ఫకీర్లమా? రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్" అంటారు. ఇచ్చేవాడు అల్లాహే, అందులో షక్ లేదు. కానీ నెలనెలా మన తన్ఖాలో కట్ అయిన పైసల మీద హఖ్ అడగడం ఫకీరీ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

నేను చెబుతున్నది ఈఎస్ఐ గురించి. మందుల కంపెనీలో ప్యాకింగ్, మాల్‌లో సేల్స్, ఆస్పత్రిలో వార్డుబాయ్, గేటు దగ్గర సెక్యూరిటీ... ఇలాంటి పనుల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న మన పిల్లలు చాలామందికి ఈ కార్డు ఉంటుంది. జీతం 15,000 అయితే అందులో 0.75 శాతం, అంటే 112 రూపాయల 50 పైసలు వాళ్ల నుంచి పోతుంది. యజమాని 3.25 శాతం కడతాడు. ఆ కార్డు జ్వరమొస్తే సనత్‌నగర్ ఆస్పత్రికి పోవడానికే అనుకుంటాం. పని పోయినప్పుడు కూడా అది పనికొస్తుందని చెప్పేవాడే లేడు.

ఆ పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన. 2018 జూలై 1న మొదలైంది. అప్పట్లో రోజు సంపాదనలో పావు వంతే ఇచ్చేవాళ్లు, అదీ పని పోయిన 90 రోజుల తర్వాత. 2020 లాక్‌డౌన్ ఏడాదిలో దాన్ని సగానికి పెంచి, ఆగాల్సిన రోజులను 30కి తగ్గించారు. ఎక్కువలో ఎక్కువ 90 రోజులకు ఇస్తారు. పదిహేను వేల జీతగాడికి రోజుకు దాదాపు 250, మొత్తం ఇరవై రెండు వేల అయిదొందల దాకా రావచ్చు. మూడు నెలల ఇంటి కిరాయి, బియ్యం ఖర్చు. కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి ఉండాలి, ఇన్ని రోజుల వాటా కట్టి ఉండాలనే లెక్కలూ ఉన్నాయి. అవి బ్రాంచి ఆఫీసులో అడిగితే చెబుతారు.

అసలు మోసం జరిగేది ఇంకో చోట. మా ఖాలా కొడుకు ఒక గోదాములో పనిచేసేవాడు. పనిలేదని ఆరుగురిని తీసేశారు. తీసేసేటప్పుడు మేనేజర్ పిలిచి, "బాబూ, నీకే మంచిది, రిజైన్ లెటర్ రాసివ్వు, రేపు ఇంకో చోట బాగుంటుంది" అన్నాడు. ఇజ్జత్‌గా బయటికి పోతున్నాననుకుని మావాడు సంతకం పెట్టాడు. తనంతట తాను మానేసినవాడికి ఈ భృతి రాదు. రెండు లైన్ల కాగితం మూడు నెలల హఖ్‌ను తినేసింది. అందుకే చెబుతున్నా భాయ్, వాళ్లు తీసేస్తే తీసేశామని వాళ్లనే రాసివ్వమనండి. మీరు రాయకండి.

రెండో ముసీబత్ మన పేర్లు. ఆధార్‌లో షేక్ చాంద్ బాషా, కంపెనీ వాళ్లు ఎక్కించింది ఎస్‌.కె. చాంద్ పాషా. ఒకచోట మహమ్మద్, ఇంకోచోట ఎండీ. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరే ఉండదు. ఫారం ఆన్‌లైన్‌లో నింపి, ప్రింటు తీసి, ఆధార్, పాస్‌బుక్ నకళ్లతో బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. అంత దూరం పోయాక పేరు కలవలేదంటే మళ్లీ మొదటికే. నౌకరీ ఉండగానే, కంపెనీలో అడిగేవాళ్లు ఉండగానే ఈ పేర్లు సరిచేయించుకోవాలి. పని పోయాక ఆ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లోపలికి రానివ్వడు.

కొందరు "ఇది ఇన్సూరెన్స్ కదా, జాయజేనా?" అంటున్నారు. నేను ముఫ్తీని కాను, మీకు భరోసా ఉన్న ఆలిమ్‌ను అడగండి. నాకు తెలిసింది ఒక్కటే, ఇది మనం ఇష్టపడి కొన్న పాలసీ కాదు. చట్టం కింద తప్పనిసరిగా జీతంలోంచి పట్టుకునేది. పైగా ఈ హఖ్‌ను వదిలేసి, అదే నెలలో వడ్డీకి ఖర్జ్ తెచ్చేవాళ్లను చాలామందిని చూశాను. అప్పుడు జాయజ్, నాజాయజ్ ఎవరూ అడగరు.

సర్కారు మీద నా షికాయత్ నాకుంది. రెండేళ్ల ప్రయోగమని మొదలుపెట్టి, ఇప్పటికీ గడువు పెంచుతూ నెట్టుకొస్తున్నారే గానీ పక్కా చేయడం లేదు. జిందగీలో ఒక్కసారే ఇస్తారట! నౌకరీ మాత్రం ఒక్కసారే పోతుందా? ఇక మన దర్జీలు, మెకానిక్‌లు, ఆటో నడిపేవాళ్లు, బండి మీద పండ్లమ్మేవాళ్లు... వీళ్లకు కార్డే లేదు, పని ఆగితే అడగడానికి ఆఫీసే లేదు. మన బస్తీల్లో సగానికి సగం వాళ్లే కనిపిస్తారు.

మా మస్జిద్ పక్కన జుమా నమాజ్ తర్వాత పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు ఫ్రీగా నింపిపెట్టే కుర్రాళ్లు ఉన్నారు. ఈ ఫారం కూడా నింపిపెట్టమని అడిగాను, సరేనన్నారు. వచ్చేవాళ్లు ఈఎస్ఐ నంబరు, ఆధార్, పాస్‌బుక్ తెచ్చుకుంటే చాలు. కార్డు ఎక్కడ పెట్టారో గుర్తులేకపోతే పాత జీతం స్లిప్పు వెతకండి, నంబరు దాని మీద కూడా ఉండొచ్చు.