కారు రూపకల్పనలో తగ్గుతున్న కాలవ్యవధి: క్యాడ్‌కు తోడు సమన్వయమే కీలకం

కొత్త మోడల్ కారు ఆలోచన దశ నుంచి విపణిలోకి రావడానికి పట్టే కాలం వాహన పరిశ్రమలో పోటీని నిర్ణయించే ప్రధానాంశంగా మారింది. ఫ్రాన్స్‌కు చెందిన రెనో సంస్థ 2025 నవంబరులో ఆవిష్కరించిన ట్వింగో విద్యుత్ కారును రెండేళ్ల లోపే రూపొందించినట్లు ప్రకటించింది. ఇందుకు చైనాలోని షాంఘై ఇంజనీరింగ్ బృందం సేవలను వినియోగించుకుంది. 1980 దశకంలో ఇటువంటి పనికి నాలుగైదేళ్లు పట్టేది. ఈ మార్పునకు కంప్యూటర్ ఆధారిత రూపకల్పన, అంటే క్యాడ్, ప్రధాన సాధనం. అయితే కంప్యూటర్లు సమకూర్చుకున్నంత మాత్రాన సమయం కలిసిరాదని పరిశ్రమ అనుభవం స్పష్టం చేస్తోంది.

పూర్వం కారు ఆకృతిని మట్టి నమూనాగా మలచి, ఆ కొలతలను కాగితంపైకి, అక్కడి నుంచి కొయ్య నమూనాలోకి, చివరకు రేకును నొక్కే ఉక్కు డైలలోకి మార్చేవారు. ప్రతి దశలోనూ కొలతల్లో స్వల్ప తేడాలు వచ్చేవి. వాటిని సరిదిద్దడానికే ఎంతో కాలం వ్యయమయ్యేది. సిత్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్తెల్జో 1959లో వంపులను గణిత సూత్రాలతో నిర్వచించే పద్ధతిని కనుగొన్నారు. రెనో ఇంజనీరు పియెర్ బెజియె 1960 దశకంలో స్వతంత్రంగా అదే దిశలో కృషి చేసి, ఆ సూత్రాల ఆధారంగా కోత యంత్రాలను నడిపే యూనిసర్ఫ్ విధానాన్ని అభివృద్ధి చేశారు.

సాధనం ఉన్నా ఫలితం అందరికీ ఒకేలా దక్కలేదు. 1980 దశకపు ప్రాజెక్టులపై హార్వర్డ్ పరిశోధకులు కిమ్ క్లార్క్, తకహిరో ఫుజిమోతో జరిపిన అధ్యయనం ప్రకారం, కొత్త కారుకు జపాన్ కంపెనీలు సగటున సుమారు 46 నెలలు, అమెరికా కంపెనీలు సుమారు 60 నెలలు తీసుకున్నాయి. అమెరికాకు కంప్యూటర్లు కొత్త కావు. జనరల్ మోటార్స్ 1960 దశకంలోనే ఐబీఎంతో కలిసి డాక్-1 అనే రూపకల్పన వ్యవస్థను సిద్ధం చేసుకుంది. తేడా పనివిధానంలో ఉంది. జపాన్‌లో బాడీ రూపకల్పన సాగుతుండగానే డై తయారీదారులు ఉక్కు దిమ్మెలు తెప్పించి ముతక కోత ప్రారంభించేవారు. ఫలితంగా డైల తయారీ అక్కడ సుమారు 14 నెలల్లో ముగియగా, అమెరికాలో 25 నెలలు పట్టేది.

ఇటువంటి సమాంతర కృషిని క్యాడ్ సులభతరం చేసింది. తలుపు రూపకర్త, వైరింగ్ నిపుణుడు, డై తయారీదారు ఒకే త్రిమితీయ నమూనాపై పనిచేయగలుగుతున్నారు. ఒక భాగం మరొక భాగానికి అడ్డు వస్తే తెరపైనే తెలిసిపోతుంది. అయితే ఒక విభాగం అనుమతి కోసం మరొక విభాగం వేచి ఉండే పాత పద్ధతి కొనసాగితే, త్వరగా గీసిన చిత్రం తరువాతి బల్లపై నిరీక్షిస్తుంది తప్ప కారు ముందుగా రాదు.

ఆదా అయిన కాలాన్ని పరీక్షల నుంచి కోసుకోరాదన్నది మరొక ముఖ్యాంశం. ప్రమాదంలో బాడీ ఎలా నలుగుతుందో కంప్యూటర్ ముందే అంచనా వేయగలదు. నమూనా కార్ల సంఖ్యను తగ్గించగలదు. అయితే లోహ గుణాలపై ఇచ్చిన సమాచారం ఎంత కచ్చితమో అంచనా కూడా అంతే కచ్చితం. 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ విధానంలో నక్షత్రాల రేటింగ్ కోసం నిజమైన కార్లనే ఢీకొట్టి పరీక్షించడం గమనార్హం.

తెలుగు నేలకు ఈ పరిణామాలతో ప్రత్యక్ష సంబంధం ఉంది. హ్యుందాయ్ సంస్థ 2006లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రాన్ని నెలకొల్పింది. అదే గ్రూపునకు చెందిన కియా 2019లో పెనుకొండ సమీపంలో కార్ల ఉత్పత్తి ప్రారంభించింది. సాఫ్ట్‌వేర్ ఆదేశాలు మాత్రమే నేర్చిన పట్టభద్రుని కన్నా, తాను గీసిన రేకు డైలో ఎక్కడ చిట్లుతుందో ఊహించగల పట్టభద్రుడే ఈ రంగానికి అవసరం. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యలో కంప్యూటర్ శిక్షణకు వర్క్‌షాప్ అనుభవం తోడైనప్పుడే యువతకు ఈ రంగంలో మెరుగైన ఉపాధి అవకాశాలు లభిస్తాయి.